గొట్టంలో బొటనవేలు

ద్వారకలో మా సొసైటీ జనాన్నంతా ఒక శనివారం పొద్దున నైటీల మీద శాలువాలతో, సగం గీసిన గడ్డాలతో, చంకలో కుక్కపిల్లలతో, ఒకావిడనైతే ఉడుకుతున్న రాజ్మా కుక్కరుతో సహా రోడ్డు మీదికి పరుగెత్తించిన ఘనుడెవరని ఎవరినైనా అడిగి చూడండి. గేటు దగ్గర కాపలా ఆయన దగ్గర్నుంచి కూరగాయల బండి ఆయన దాకా అందరూ నా బాల్కనీ వైపే గడ్డం ఎత్తి చూపిస్తారు. ఆ కథ నేనే చెప్పేస్తే నయం. వాళ్లు చెబితే ఇంకా ఘోరంగా ఉంటుంది. ముందే మనవి చేస్తున్నాను, ఇందులో ఫైరింజను ఉంది, నా ఆఖరి కోరికలు ఉన్నాయి, ఒక ఇత్తడి నట్టు కూడా ఉంది. తెలివి మాత్రం వెతక్కండి. అక్కడక్కడా కనిపించినా అది నాది కాదు.

గుర్గావ్‌లో ఒకాయన తన పాత వ్యాను అమ్ముతున్నాడని తెలిసి ఎగిరి గంతేసి కొన్నాను. ఉత్త వ్యాను కాదది. లోపల మడత మంచం, బుల్లి సింకు, దాని పక్కన గ్యాసు పొయ్యి. క్యాంపర్ అంటారు. ఇంటిని వెంటబెట్టుకుని తిరగడమన్నమాట, నత్తలాగా. వేగం కూడా ఇంచుమించు అంతే.

మా ఆవిడ వసుధది కరీంనగర్. నాది తెనాలి. ఢిల్లీ వచ్చి ఇన్నేళ్లయినా ఇద్దరం ఎవరి తెలుగు వాళ్లం కాపాడుకుంటున్నాం. వ్యానును చూసి ఆవిడ నడుం మీద చేతులు పెట్టుకుని ఒక్కటే మాట అడిగింది.

"ఉన్న ఇల్లు ఊడ్సెటోళ్లు లేరు. చక్రాల మీద ఇంకో ఇల్లు దేనికయ్యా?"

"ప్రకృతి కోసం, వసుధా! రిషీకేశ్ అవతల గంగ ఒడ్డున బండి ఆపుకుని, పొగలు కక్కుతున్న ఉప్మా తింటూ ఉంటే ఎలా ఉంటుందో ఒక్కసారి ఊహించుకో!"

"ఆ ఉప్మా చేసేదెవలు?"

నేను మళ్లీ ప్రకృతి గురించే మాట్లాడాను.

సరే, ప్రయాణం శనివారం మధ్యాహ్నానికి ఖాయమైంది. పొద్దున్నే నేను కాఫీ తాగుతూ, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఏదో చూసుకుంటున్నాను. ముక్కు రెండు వైపులా మూసుకుపోయి ఉంది. ముక్కున్నంత కాలం పడిశం ఉంటుందన్నారు పెద్దలు. పాపం వాళ్లు ఢిల్లీ చలికాలం చూడలేదు. చూసుంటే, పడిశం ఉన్నంతకాలం ముక్కు ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటేనని ఉండేవారు. వసుధ వ్యానులో సామాను సర్ది పైకి వచ్చింది.

"వ్యాన్ల గ్యాస్ వాసనొస్తున్నది," అంది.

అంతే. నాలోని ఇంజనీరు లేచి నిలబడ్డాడు. నేను ఇంజనీరునే, కాకపోతే సాఫ్ట్‌వేరు. లీకయ్యే వస్తువుతో ఏనాడూ పని పడలేదు. అయినా ఇప్పటి కాలంలో చదువుకి అడ్డేముంది? వెంటనే వీడియోలు వెతికాను. అమెరికాలో బారెడు తెల్లగడ్డం ఉన్న ఒక పెద్దమనిషి తన క్యాంపర్ ముందు మోకాళ్ల మీద కూర్చుని, లీకు ఎలా పట్టాలో తీరిగ్గా చెబుతున్నాడు. మనం గ్యాసు అనేదాన్ని ఆయన ప్రొపేను అంటాడు. సబ్బునీళ్లు కలిపి గొట్టం అతుకుల మీద చల్లాలట. ఎక్కడ బుడగలొస్తే అక్కడ లీకు. నిప్పు దగ్గరికి రానివ్వకూడదు, ఫోను కట్టేయాలి. మొత్తం విద్య ఇంతే! శంఖంలో పోస్తేగానీ తీర్థం కాదంటారు, నాకైతే వీడియోలో పోస్తేగానీ జ్ఞానం కాదు. ఒక్క వీడియోతో గ్యాసుశాస్త్రంలో పట్టభద్రుణ్ణయిపోయి, ఫోను ఆపేసి, స్పానరు పట్టుకుని కిందికి దిగాను.

పార్కింగులో సత్యం అంకుల్ ఎదురయ్యారు. మా టవర్లోనే ఉంటారు. శ్రీకాకుళం మనిషి. వైమానిక దళంలో చేసి రిటైరయ్యారు. ఉన్ని టోపీ, చేతికర్ర, చలికాలపు నడక.

"ఏటి బాబూ, పొద్దున్నే స్పానరట్టుకుని తిరగతన్నావు?"

"ప్రొపేను లీకు అంకుల్."

"ప్రోపేనా? అదేటి, పురుగుల మందా?"

"గ్యాసే అంకుల్."

"మరి గ్యాసని సెప్పొచ్చు కదేటి?"

నా ముక్కు ఆ రోజు సెలవులో ఉంది కాబట్టి ఆయన ముక్కును అరువడిగాను. ఆయన వ్యానులోకి తల పెట్టి, కళ్లు మూసుకుని, నాదస్వరం ఊదేవాడు గాలి పీల్చినంత గట్టిగా పీల్చారు.

"వస్తంది," అన్నారు గంభీరంగా. "కుళ్లిన కోడిగుడ్డు నాగ. నీకేటీ బయ్యం లేదు, నేనున్నాను. సర్వీసంతా ఇమానాల్తోనే కదా గడిపినాను."

నాకు కొండంత ధైర్యం వచ్చింది. ఆయన విమానాలతో గడిపినమాట నిజమేననీ, కాకపోతే వాటి పక్కనున్న దుప్పట్ల గోడౌన్లో పనిచేశారనీ తర్వాతెప్పుడో తెలిసింది.

"ముందర సిలిండరు కట్టెయ్యాలి కదా బాబూ?"

సిలిండరు వ్యాను వెనక ఒక ఇనప పెట్టెలో ఉంటుంది. పెట్టెకు తాళం. తాళంచెవి వసుధ పర్సులో. పర్సు వసుధ భుజాన. వసుధేమో అప్పటికే స్కూటరు మీద బజారుకి వెళ్లింది.

"అక్కర్లేదంకుల్. గ్యాసు వస్తూ ఉంటేనే కదా బుడగలు వచ్చేది! కట్టేస్తే లీకు దొరకదు," అన్నాను.

"అదీ నిజిమే," అన్నారాయన. ఇద్దరు తెలివైనవాళ్లు ఒక్కచోట చేరితే ఎంత ప్రమాదమో మీకిప్పుడు అర్థమవుతోంది కదా?

ఇక సబ్బునీళ్లు. ఇంట్లో అంట్ల సబ్బు అయిపోయింది. స్నానాల గదిలో మా అమ్మాయి మేఘన షాంపూ కనిపించింది, కొత్త సీసా. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు కూతురి షాంపూ నాన్న ధారపోశాడు. ఉత్తినే కలిపితే బుడగలు సరిగ్గా రావేమోనని అనుమానం వచ్చి, కోడిగుడ్లు గిలకొట్టే మిషను పెట్టి బాగా గిలకొట్టాను. బకెట్టు నిండా తెల్లటి నురగ లేచింది. పెళ్లిలో కేకు మీద కూడా అంత నురగ ఉండదు. దాన్ని గరిటెతో తీసుకెళ్లి పొయ్యి కింద గొట్టానికి ఉన్న ప్రతి అతుకుకీ దిట్టంగా పట్టించి, కళ్లద్దాలు సర్దుకుని చూశాను.

బుడగలు! మొదటి అతుకులో బుడగలు. రెండోదానిలో బుడగలు. మలుపు దగ్గర బుడగలు, అసలు అతుకే లేని చోట కూడా బుడగలు!

"అంకుల్, అన్నీ కారుతున్నాయి!"

అంకుల్ వంగి చూశారు. "ఓలమ్మో! ఇది గొట్టమా, ఇడ్లీల గుడ్డా? ఇన్ని సిల్లులేటి బాబూ!"

నురగ అంటేనే బుడగలని, దాన్ని గోడకి పూసినా గుమ్మానికి పూసినా బుడగలే కనిపిస్తాయని పక్కనున్న స్కూటరుకి కూడా తెలుసు. మా ఇద్దరికీ తట్టలేదు. సరిగ్గా అప్పుడే మేఘన దిగివచ్చింది. మా అమ్మాయికి తెలుగు బాగా అర్థమవుతుంది, జవాబు మాత్రం హిందీలో వస్తుంది. నన్ను పాపా అంటుంది. తెనాలి వెళ్లినప్పుడు అంత లావు మనిషిని పట్టుకుని పాపా అంటుందేమిటని మావాళ్లు ఇప్పటికీ నవ్వుతారు.

"పాపా! యే మేరా షాంపూ హై?"

"నీ షాంపూ ఇవాళ ప్రాణాలు కాపాడుతోందమ్మా. దూరంగా జరుగు, గొట్టమంతా లీకు!"

దాని మొహం తెల్లబోయింది. దూరంగా జరిగి ఫోను తీసింది. సొసైటీ వాట్సాప్ గ్రూపులో పార్కింగులో గ్యాసు లీకవుతోందని పెట్టేసింది. తప్పు దానిది కాదు. నేను చెప్పింది నమ్మింది. ఆ అలవాటు ఆ రోజుతో పోయిందనుకోండి.

ఇక్కడ నేను స్పానరుతో ఒక్కో నట్టూ బిగించడం మొదలుపెట్టాను. ఎటు తిప్పితే బిగుస్తుందో, ఎటు తిప్పితే వదులవుతుందో గడ్డం పెద్దమనిషి చెప్పే ఉంటాడు. తలకిందులుగా పడుకుని చూస్తే కుడీ ఎడమా మారిపోతాయి కదండీ? పొయ్యి దగ్గర ఆఖరి నట్టుని పళ్లు బిగించి ఒక్క తిప్పు తిప్పాను. టప్‌మని రాగిగొట్టం పొయ్యి నుంచి ఊడి, దాని చివర ఇత్తడి నట్టు నోరు తెరుచుకుని నా మొహంలోకి చూసింది.

నాకు కళ్ల ముందు అగ్నిగోళం కనిపించింది. ఆలోచించలేదు. బొటనవేలు తీసుకెళ్లి ఆ నట్టులో కుక్కేశాను.

"అంకుల్!" అని అరిచాను. "గొట్టం ఊడింది! గ్యాసు నా వేలితో ఆపాను! పరుగెత్తండి!"

ఆయన పరుగెత్తారు. చేతికర్ర నా దగ్గరే వదిలేసి మరీ పరుగెత్తారు. మోకాళ్ల నొప్పులని రోజూ చెప్పే మనిషి ఒక్క గెంతులో వ్యాను దిగి, దూరంగా స్తంభం వెనక తేలారు.

తర్వాత కాసేపట్లో సొసైటీ మొత్తం దిగివచ్చింది. గ్యాసు అన్న మాట ఒకసారి చెవిన పడితే ముక్కు ఇక ఆగదు. మొదటి అంతస్తు ఆంటీకి కళ్లు తిరిగాయి. గాలికి ఎదురుగా ఉన్న టవర్లో ఒకాయనకి కళ్లు మండాయి. యమునకి అవతల, ఇందిరాపురంలో ఉండే ఎవరిదో బావమరిది ఫోను చేసి తనకీ కొద్దికొద్దిగా వాసన వస్తోందన్నాడట.

మా సొసైటీ సెక్రటరీ చావ్లాజీ పూజలోంచి లేచి వచ్చారు. పేరు వింటేనే మన తెలుగువాళ్లకి గుండె గుభేలుమంటుంది. ఆ రోజు మరీను.

"కోయీ మాచిస్ నహీ జలాయేగా! కోయీ ఆగ్ నహీ!" అని, ఎవరూ అగ్గిపుల్ల గీయొద్దని రెండు చేతులూ ఊపుతూ అరుస్తున్నారు. ఆ చేతుల్లో ఒకదానిలో అగరుబత్తుల కట్ట భగభగ వెలుగుతోంది.

"చావ్లాజీ, ఆప్ కే హాథ్ మే!" అని జనం గావుకేక పెట్టారు. ఆయన చూసుకుని, కెవ్వుమని, వాటిని తీసుకెళ్లి సొసైటీ ఫౌంటెన్లో ముంచి, ఆ మీద తనూ కొంత తడిశారు.

నేను మాత్రం వ్యానులో వెల్లకిలా పడుకుని, వేలు కదపకుండా ఉన్నాను. రోట్లో తల పెట్టాక రోకటిపోటుకి వెరవకూడదంటారు. గొట్టంలో వేలు పెట్టినవాడి సంగతి ఆ సామెత కట్టినాయనకి తెలియదు. నాకు గ్యాసు తోపుడు స్పష్టంగా తెలుస్తోంది. టక్, టక్, టక్ మని లోపల్నుంచి వేలిని పొడుస్తోంది.

"పాపా, అంగూఠా నికాలో ఔర్ భాగో!" అని మేఘన గేటు దగ్గర్నుంచి ఏడుపు గొంతుతో అరిచింది.

"తీస్తే ద్వారక ఉండదమ్మా!"

"ఏ సెక్టారు దాకా పోద్ది బాబూ?" అని స్తంభం వెనకనుంచి సత్యం అంకుల్ అడిగారు.

"మెట్రో స్టేషను దాకా!"

జనమంతా ఒక్కసారిగా మెట్రో స్టేషనుకి అవతలికి కదిలారు.

నిజం చెబుతున్నాను, ఆ క్షణంలో నవ్వు రాలేదు. కూతురి గొంతు వింటుంటే, దానికి ఈత నేర్పిస్తానని ఎన్ని వేసవులు దాటేశానో గుర్తొచ్చింది. వసుధ ఎక్కడుందో, తిరిగి వచ్చేసరికి ఇక్కడేం మిగులుతుందో అనుకున్నాను. కళ్లలో నీళ్లు తిరిగాయి. కొంత షాంపూ కూడా పడిందనుకోండి.

"అంకుల్, నేను పోతే సంతాపసభలో నా గురించి నాలుగు మంచిమాటలు చెప్పండి," అన్నాను.

స్తంభం వెనకనుంచి అంకుల్ తల ఒక్కటే బయటపెట్టారు. "ఏటి సెప్పమంటావు? కూసింత అందియ్యి బాబూ."

ఫైరింజను గంట కొట్టుకుంటూ వచ్చింది. హెల్మెట్ పెట్టుకున్న ఆఫీసరొకాయన చేతిలో చిన్న మిషనుతో వ్యాను ఎక్కారు. గాలిలో గ్యాసు ఉంటే ఆ మిషను కూస్తుందట. నా చుట్టూ తిప్పారు, పొయ్యి కింద పెట్టారు, నా చంకలో కూడా పెట్టారు. అది కిక్కురుమనలేదు.

"గ్యాస్ తో జీరో హై, సర్," అన్నారు.

"నేను ఆపాను కాబట్టి జీరో," అన్నాను హిందీలో, కాస్త గర్వంగా. "ఇదిగో, ఈ వేలితో."

ఆయన నా వేలి వంక, నురగ వంక, మళ్లీ నా వంక చూశారు. డిగ్రీ ఎక్కడ చదివానని అడుగుతారేమోనని భయపడ్డాను. అడగలేదు.

"సిలిండర్ కహా హై?"

వెనక పెట్టెలో ఉందనీ, తాళంచెవి లేదనీ చెప్పాను. ఇద్దరు మనుషులు గడ్డపార తెచ్చి పెట్టె తాళానికి ఆనించారు. వాళ్లు ఊపిరి బిగబట్టారు. మెట్రో అవతల జనం కూడా ఊపిరి బిగబట్టారు.

అప్పుడు పీ, పీ, పీ అని స్కూటరు హారను.

"భయ్యా, జర హటో! ఏందిది, జాతరనా? ఏయ్, ఏయ్! తాళం పలగ్గొట్టకుండ్రి! చాబీ నా దగ్గరున్నది!"

మెట్రో అవతలి జనాన్ని దాటుకుని, ఫైరింజను వాళ్లని చీల్చుకుంటూ వసుధ వచ్చింది. తలకి హెల్మెట్, మెడకి మఫ్లర్. స్కూటరు మీద కాళ్ల మధ్య, చంటిపిల్లాణ్ణి నిలబెట్టినట్టు బుద్ధిగా నిలబడి ఉంది మా వ్యాను గ్యాసు సిలిండరు.

ఆఫీసరు సిలిండరుని చూశారు. "యే కిస్‌కా హై, మేడమ్?"

"ఇస్‌కా," అంది వసుధ వ్యాను వైపు చూపించి. పెట్టె తాళం తీసింది. లోపల ఒక పాత గుడ్డపేలిక, ఒక సాలెపురుగు. అది కూడా మమ్మల్ని చూసి సిగ్గుపడి మూలకి వెళ్లిపోయింది.

పార్కింగులో సూది పడితే వినిపించేది. పడలేదు, గడ్డపార పడింది.

"వసుధా!" అన్నాను లోపల్నుంచి. "సిలిండరు నీ దగ్గరెందుకుంది?"

"పొద్దుగాల చెప్పిన గద! వాసనొస్తున్నది, సిలిండర్ మూతికాడ రబ్బరు అరిగింది, తీస్కపోయి మార్పిచ్చుకొస్త అని. నువ్వు 'ఊఁ, మంచిది' అన్నవ్. ఇగో, ఏజెన్సీల కొత్త రబ్బరు ఏసిండ్రు, నీళ్లు పోసి సూపెట్టిండ్రు గూడ. లీక్ బందయింది. నువ్వేం జేస్తున్నవ్ అండ్ల?"

అంటే, ఇయర్‌ఫోన్ల పుణ్యమా అని నేను మొదటి వాక్యం విన్నాను, మిగతా వాక్యాలకి ఊఁ కొట్టాను. కొండను తవ్వి ఎలుకని పట్టడం కూడా కాదిది. ఎలుకని ఆవిడ ముందే పట్టుకెళ్లిపోతే నేను కొండ కింద పడుకుని దాని తోక పట్టుకున్నాననుకున్నాను.

"అలా ఎలా కుదురుతుంది? నా వేలికి గ్యాసు తగులుతోంది! టక్, టక్ మని పొడుస్తోంది!"

వసుధ వ్యాను ఎక్కి, వంగి, నా మణికట్టు పట్టుకుని కాసేపు చూసింది.

"గది గ్యాస్ గాదు," అంది. "నీ నాడి."

ముందు ఆఫీసరు నవ్వారు. తర్వాత గడ్డపార మనుషులు, మేఘన. కబురు మెట్రో దాకా వెళ్లడానికి కొంచెం సమయం పట్టింది కాబట్టి అక్కడి నవ్వు ఉరుములాగా ఆలస్యంగా వినిపించింది. కళ్లు తిరిగిన ఆంటీ తనకి ముందునుంచే బీపీ అంది. సత్యం అంకుల్ స్తంభం వెనకనుంచి వచ్చి, తనకి మొదటే అనుమానం వచ్చిందని చావ్లాజీకి చెబుతున్నారు.

ఇక లేవబోయాను. వేలు రాలేదు.

లాగాను. రాలేదు. అంతసేపు ఇరుక్కుని అది వాచి, పండుమిరపకాయలా తయారైంది. ఆఫీసరు లాగారు. వసుధ నా నడుం పట్టుకుంది, మేఘన వసుధ నడుం పట్టుకుంది. నేను అరుస్తున్నాను, వాళ్లు నవ్వుతున్నారు. ఎటూ బలం చాలలేదు. చివరికి గొట్టాన్ని కోసి నన్ను వ్యాను నుంచి వేరుచేశారు. నట్టు మాత్రం వేలికే ఉండిపోయింది. నన్ను ఫైరింజను మెట్టు మీద కూర్చోబెట్టి, దాన్ని చిన్న రంపంతో, కంసాలిలాగా ఓపిగ్గా కోశారు. ఆ రోజు ఆ ఫైరింజను కాపాడినదల్లా నా బొటనవేలొక్కదాన్నే. తర్వాత వసుధ వాళ్లందరికీ అల్లం టీ పెట్టింది. రాజ్మా ఆవిడ కుక్కరు దించి అన్నం కూడా పెట్టింది. చావ్లాజీ తడిబట్టలతోనే నన్ను పక్కకి పిలిచి, "రావుజీ, ఆప్ ఐటీ మే హీ రహియే," అని, నేను ఐటీలోనే ఉంటే అందరికీ మంచిదని హితవు చెప్పారు.

నేను వదులు చేసిన అతుకులన్నీ విప్పి, గొట్టమంతా కొత్తగా వేయించాల్సి వచ్చింది కాబట్టి ప్రయాణం తర్వాతి శనివారానికి వాయిదా పడింది. గంగ ఒడ్డున వ్యాను ఆపాం. చలి గాలి, ఎండ, నీళ్ల చప్పుడు, నేను ఊహించినట్టే ఉంది అంతా. వసుధ కుర్చీ వేసుకుని కూర్చుని, మెడ చుట్టూ శాలువా కప్పుకుని, "ఊఁ, కానియ్యి మరి. ఉప్మా," అంది. కట్టు కట్టిన వేలితోనే చేశాను. ఉండలు కట్టింది. గంగలో చేపలు కూడా ముట్టలేదు.

గిన్నె నీళ్ల అంచున పెట్టి, మోకాళ్ల దాకా నీళ్లలోకి దిగి, వణుకుతూ, దోసిలి పట్టి గట్టిగా ప్రమాణం చేశాను. "గంగమ్మ తల్లీ, సూర్య భగవానుడా, సకల దిక్పాలకులారా! ఈ క్షణం నుంచి నాకు తెలియని పనిలో వేలు పెట్టను, పెట్టను, పెట్టను!"

ఒడ్డు మీంచి వసుధ అడిగింది. "తెలిసిన పని ఏమున్నది?"

న్యాయమైన ప్రశ్న. ఆలోచించి, గంగమ్మ ముందే ప్రమాణాన్ని సవరించాను. ఇకమీదట ఇంట్లో ఏ పనిలోనూ వేలు పెట్టనన్నాను.

"గట్లెట్ల?" అంది వసుధ. "అంట్లు తోమెటప్పుడు పదివేళ్లూ పెట్టాలె."

గంగమ్మ కూడా ఆవిడ వైపే ఉన్నట్టుంది, అప్పుడే ఒక అల వచ్చి ఉప్మా గిన్నెని నా కాళ్ల దగ్గరికి తెచ్చి పెట్టింది.